బార్డ్ అంటే లైన్లు వేసేవాడేనా?

ఈ వారం ఉత్తరం కొండాపూర్ నుంచి వచ్చింది. రాసినాయనకు 29 ఏళ్లు, సొంతూరు సిద్దిపేట దగ్గర, ఉద్యోగం మాదాపూర్‌లో. పేరు వేయొద్దన్నారు. ఏడాదిగా శనివారం రాత్రిళ్లు ఒక స్నేహితుడి ఫ్లాట్‌లో ఐదుగురు కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నారట. ఈ ఆట తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రను తీసుకుంటారు, తన పాత్ర ఏం చేస్తుందో ఎవరికి వాళ్లు చెబుతారు, అది ఫలించిందా లేదా అన్నది డైస్ వేసి తేలుస్తారు. డీఎం అనే మనిషి మిగతా లోకమంతా తానే అయి కథ నడిపిస్తాడు.

కొత్త కథ మొదలైనప్పుడు ఈయన బార్డ్ క్లాస్ తీసుకున్నారు. క్లాస్ అంటే పాత్ర చేసే వృత్తి, బార్డ్ అంటే పాటలతో, కథలతో మంత్రాలు వేసే కళాకారుడు. చిన్నప్పుడు తాతతో కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్లి ఒగ్గు కథ విన్న జ్ఞాపకం ఉంది కాబట్టి, భుజాన డోలు వేసుకుని ఊరూరా కథలు చెప్పే ఎల్లన్న అనే పాత్రను రాసుకున్నారు, అతని గతం గురించి రెండు పేజీలు కూడా రాశారు. బల్ల దగ్గర మాత్రం ఆ రెండు పేజీలు ఎవరికీ పట్టలేదు. మొదటి రోజు నుంచీ కథలో ఏ ఆడమనిషి కనిపించినా "బార్డ్ ఎక్కడ్రా, పంపండి" అనడమే. ఎల్లన్నకు రోమియో అని పేరు పెట్టారు. యుద్ధం వస్తే "నువ్వు వెనకాల పాటలు పాడుకో" అంటారు. ఈయన నెమ్మదిగా మాట్లాడే మనిషి, నోరు తెరిచేలోపు గుంపులో చలాకీగా ఉండే స్నేహితుడొకడు "ఎల్లన్న ఇలా అంటాడు" అని తానే డైలాగు చెప్పేస్తాడు. మొదట్లో ఈయన కూడా నవ్వి ఊరుకున్నారట.

పోయిన శనివారం కథ ఒక రాణి కోటకు చేరింది. ఆ కోట చరిత్ర చెప్పి రాణి నమ్మకం సంపాదించాలని ఈయన అనుకున్నారు. ఆ స్నేహితుడు డైస్ చేతిలో పెట్టి "సెడ్యూస్ చెయ్‌రా" అన్నాడు, అందరూ అరుస్తుంటే ఈయన వేశారు, ఆ డైస్‌లో అన్నిటికంటే పెద్ద అంకె 20 పడింది. డీఎం (ఈయన అన్నా అని పిలుస్తారు) ఆ సీన్‌ని చాలాసేపు వివరంగా వర్ణించాడు. బల్ల దగ్గరున్న ఒక్కగానొక్క అమ్మాయి అంతసేపూ ఫోన్ చూస్తూ కూర్చుని, పొద్దున పనుందని చెప్పి క్యాబ్ బుక్ చేసుకుని ముందే వెళ్లిపోయింది. అప్పటినుంచి గ్రూపులో ఆమె మెసేజ్ లేదు. "క్లాస్ మార్చుకుని ఫైటర్ తీసుకోనా? ఆమెకు సారీ చెప్పనా? అన్నతో మాట్లాడనా? ఈ ఊళ్లో నాకున్న స్నేహితులు వీళ్లే. అసలు పాడటం రానివాడు, గబగబా మాట్లాడలేనివాడు బార్డ్ తీసుకోవడమే తప్పా?" అని అడిగారు.

మీ ఉత్తరంలో రెండు సంగతులు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీద్దాం. ఒకటి, మీ పాత్రను మీ చేతుల్లోంచి లాగేసుకుని వేరేవాళ్లు నడుపుతున్నారు. రెండోది, బల్ల దగ్గర ఒక సీన్ ఒక మనిషికి ఇబ్బంది కలిగించి ఉండొచ్చు. మొదటిదాన్ని ఆటలోనే నెమ్మదిగా సరిచేసుకోవచ్చు. రెండోదానికి ఆ దారి పనికిరాదు, దాన్ని నోరు తెరిచి మాట్లాడాల్సిందే. మీరు ఫైటర్‌గా మారాలనుకోవడంలో నాకు కనిపించేది, ఈ రెండింటినీ ఎవరితోనూ మాట్లాడకుండా ఒక్క దెబ్బతో వదిలించుకోవాలన్న ఆశ. అర్థం చేసుకోగలను. కానీ మీరు ఫైటర్ అయినా ఆ స్నేహితుడు మీ డైలాగులు చెబుతూనే ఉంటాడు, ఆమె మౌనం కూడా అలాగే ఉంటుంది.

బార్డ్‌కి ఈ ముద్ర ఎలా పడిందో కొంచెం తెలుసుకోండి, మీవాళ్లతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. ఆట పుట్టింది 1974లో, అప్పుడు బార్డ్ లేడు. 1976లో ఒక పత్రికలో డగ్ ష్వెగ్‌మన్ అనే ఆయన ఈ క్లాస్‌ని రాశాడు. కెల్టిక్ ప్రాంతాల కవులు, ఉత్తర ఐరోపా వీరగాథలు చెప్పే స్కాల్డ్‌లు, దక్షిణాదిన పాటలు పాడుతూ తిరిగేవాళ్లు, ఈ ముగ్గురినీ కలిపాడు. 1978 నాటి నియమాల పుస్తకంలో అయితే బార్డ్ కావడం మామూలు విషయం కాదు, ముందు ఫైటర్‌గా కొన్ని లెవెల్స్, తర్వాత దొంగగా కొన్ని లెవెల్స్ గడిపి, ఆపైన డ్రూయిడ్‌ల (ప్రకృతిని కొలిచే పూజారుల) దగ్గర శిష్యరికం చేయాలి. అంటే మొదట్లో బార్డ్ అంటే కత్తి తిప్పి, తాళాలు తీసి, అడవి విద్య నేర్చిన మనిషి. ఆ తర్వాతి ఎడిషన్లలో బార్డ్ మంత్రాలన్నీ చరిష్మా, అంటే ఎదుటివాళ్లను ఆకట్టుకునే గుణం, మీద ఆధారపడేలా మారాయి. చరిష్మా ఎక్కువ కాబట్టి ఎవరితో మాట్లాడాలన్నా బార్డ్‌నే ముందుకు తోశారు, అందరితో మాట్లాడేవాడు కాస్తా అందరికీ లైన్లు వేసేవాడయ్యాడు, ఇక ఇంటర్నెట్‌లో మీమ్‌లు వచ్చాక డ్రాగన్‌ని కూడా పడేసే బార్డ్ అన్నది పెద్ద జోకైపోయింది. మీ స్నేహితులకు తెలిసింది ఆ జోకు మాత్రమే. వాళ్ల ఉద్దేశం చెడ్డదని నేననుకోను. బార్డ్ అంటే వాళ్లు చూసింది అంతే.

మీరు రాసుకున్న ఎల్లన్న ఆ క్లాస్ అసలు స్వభావానికి వాళ్ల రోమియో కంటే దగ్గరగా ఉన్నాడు. ఇది మిమ్మల్ని ఓదార్చడానికి చెబుతున్న మాట కాదు, నియమాల్లోనే కనిపిస్తుంది. 2014 నియమాల పుస్తకం తీసి బార్డిక్ ఇన్‌స్పిరేషన్ అనే శక్తి గురించి చదవండి. అరవై అడుగుల లోపల మీ మాట వినగల ఒక మనిషికి మీరు ఒక డైస్ ఇస్తారు, పది నిమిషాల లోపు ఆ మనిషి తన దాడికో, ప్రయత్నానికో, ప్రమాదం తప్పించుకోవడానికో దాన్ని వేసి, పడిన అంకెను కలుపుకోవచ్చు. ఆ డైస్ మీకు మీరు ఇచ్చుకోలేరు. క్లాస్‌కి గుండెకాయ లాంటి శక్తి పూర్తిగా పక్కవాళ్ల కోసమే. వాళ్లు గెలిచేలా చేయడం, వాళ్లు చేసింది గుర్తుపెట్టుకుని చెప్పడం, ఇదీ బార్డ్ పని. ఒగ్గు కథకుడు మల్లన్న గురించో బీరప్ప గురించో చెబుతాడు గానీ తన గురించి చెప్పుకోడు కదా. పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర మీద పాడింది కూడా పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథే.

ఇక మీ చలాకీ స్నేహితుడి సంగతి. బుర్రకథ చూశారు కదా, మధ్యలో కథకుడు, ఇటొకరు అటొకరు వంతలు. నవ్వించడం హాస్య వంత పని, కథ నడపడం కథకుడి పని, ఒకరి పని ఇంకొకరు లాక్కుంటే కథ సాగదు. మీ బల్ల దగ్గర అతను సహజంగానే హాస్య వంత. తప్పేమీ లేదు, నవ్వించేవాడు లేకపోతే శనివారం రాత్రి సగం చప్పబడుతుంది. కాకపోతే నవ్వించాల్సింది అతని సొంత పాత్రతో, మీ ఎల్లన్నతో కాదు. మీరు నెమ్మదిగా మాట్లాడతారు కాబట్టి ఖాళీ నింపుతూ మీకు సాయం చేస్తున్నానని కూడా అతను అనుకుంటూ ఉండొచ్చు. అది అతనికి నేరుగా, నలుగురి ముందు కాకుండా చెప్పండి: "ఒరేయ్, నేను చెప్పడానికి టైం పడుతుంది, ఆగు. ఎల్లన్న మాటలు నేనే చెబుతా." మళ్లీ మర్చిపోతాడు, అలవాటైపోయింది కదా. అప్పుడు బల్ల దగ్గరే చెయ్యి ఎత్తి "ఎల్లన్న అలా అనలేదు" అనండి చాలు. ఒకటి రెండు సెషన్లు మీకే ఎబ్బెట్టుగా ఉంటుంది, నవ్వుల మధ్య ఒక్కరే సీరియస్‌గా ఉన్నట్టు అనిపిస్తుంది. భరించండి. ఒక పాత్ర ఏం చేస్తుందో నిర్ణయించే హక్కు ఆ ఆటగాడిదే.

డీఎం అన్నతో మాట్లాడటం గురించి. మాట్లాడమనే చెబుతాను, ఎప్పుడు ఎలా అన్నది ముఖ్యం. వాట్సాప్ గ్రూపులో వద్దు, సెషన్ మొదలయ్యే ముందు అందరూ బిర్యానీ ఆర్డర్ చేస్తున్నప్పుడు అసలే వద్దు. వారం మధ్యలో ఒక సాయంత్రం ఆఫీసు అయ్యాక చాయ్‌కి పిలవండి, విడిగా. ఆయన కోణం కూడా ఆలోచించండి, మీరు నిశ్శబ్దంగా ఉంటారు, 20 పడింది, ఇదిగో వీడికి ఒక పెద్ద సీన్ ఇద్దాం అని ఆయన అనుకుని ఉండొచ్చు, మీకు ప్రేమతో ఇచ్చిన బహుమతి అనుకుని ఉండొచ్చు. అందుకని "నువ్వు తప్పు చేశావు" అని మొదలుపెట్టకుండా మీకేం కావాలో చెప్పండి: "అన్నా, ఎల్లన్నను నేను వేరేలా అనుకున్నా. రాణి సీన్ నాకు ఇబ్బందిగా అనిపించింది. అలాంటివి నా క్యారెక్టర్‌తో వద్దు." ఆ సీన్ మార్చమని కూడా అడగొచ్చు, చాలామంది డీఎంలు ఒప్పుకుంటారు. ఆ రాత్రి ఎల్లన్న రాణికి ఆమె ముత్తాత కోట కట్టిన కథ చెప్పాడు, తెల్లారేసరికి ఆమె నమ్మింది, అంతే. కథ ముందుకు ఎక్కడా ఆగదు.

ఇంకో సంగతి ఆయనకు గుర్తుచేయండి, గొడవలా కాకుండా. నియమాల ప్రకారం దాడి చేసేటప్పుడు 20 పడితే దెబ్బ ఖాయం, మాట్లాడి ఒప్పించడానికి 20 పడితే మాత్రం ఏది పడితే అది జరిగిపోదు. అసాధ్యమైన పనికి డైస్ వేయనక్కర్లేదని డీఎం ముందే చెప్పొచ్చు. ఒప్పించడం అంటే వశీకరణం కాదు. ఒక రాణి మొదటిసారి చూసిన డోలు మనిషి కోసం రాజ్యం మరిచిపోవడం అంటే, అక్కడ రాణికి ఒక మనసు, ఒక బుద్ధి ఉన్నాయన్న సంగతి బల్ల మొత్తం మరిచిపోయిందన్నమాట. నాకు ఈ మూసలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఆడపాత్రలు అందరూ డైస్‌తో గెలుచుకునే వస్తువులైపోతారు, ఆ బల్ల దగ్గరే కూర్చున్న ఆడమనిషి అదంతా వింటూ ఉంటుంది. ప్రేమ సీన్లు ఆటలో ఉండకూడదని నేననను. బల్ల దగ్గర అందరూ ముందే సరే అనుకుంటే అవి చాలా అందంగా కూడా వస్తాయి. మీ బల్ల దగ్గర ఆ మాటే ఎవరూ ఎవరినీ అడగలేదు.

అడగడానికి పద్ధతులున్నాయి. కథ మొదలుపెట్టే ముందు ఏం ఉండొచ్చు, ఏం ఉండకూడదు, ఏవి వస్తే వర్ణన లేకుండా దాటేయాలి అని మాట్లాడుకునే సెషన్ జీరో గురించి 2020లో వచ్చిన అధికారిక పుస్తకంలోనూ ఉంది. కథ మధ్యలో కూడా అరగంట దీనికి కేటాయించొచ్చు. ఎక్స్ కార్డ్ అని ఇంకోటి వాడతారు, బల్ల మధ్యలో ఎక్స్ అని రాసిన కార్డు ఉంటుంది, ఎవరికి ఏది ఇబ్బందైనా దాన్ని ముట్టుకుంటే ఆ సీన్ అక్కడితో వదిలేస్తారు, కారణం అడగరు. స్నేహితుల మధ్య ఇవేంటి, ఆఫీసు మీటింగులా ఉంది అని మీవాళ్లు అనొచ్చు, ముఖ్యంగా హాస్య వంత అంటాడు. అయినా అన్న ఒప్పుకుంటే పెట్టించండి. ఆయన ఒప్పుకోకపోతే ఈ పనిని మీరు ఒక్కరే బల్ల మీద రుద్దలేరు, మీ పాత్ర వరకు మీ హద్దు చెప్పి నిలబడగలరు.

ఇప్పుడు ఆమె గురించి. ఆమె ఎందుకు ముందే వెళ్లిందో మీకు తెలియదు, నాకూ తెలియదు. నిజంగానే పొద్దున పని ఉండి ఉండొచ్చు. మీరు చేయకూడనివి మాత్రం స్పష్టంగా ఉన్నాయి: గ్రూపులో "ఆమెకు ఇబ్బందైంది" అని చెప్పడం, ఆమె తరఫున అన్నతో వాదించడం, ఫోన్ చేసి "నీకు కోపం వచ్చిందా" అని తవ్వడం. ఇవన్నీ మీ టెన్షన్ తగ్గించడానికి ఆమె మీద బరువు వేయడమే అవుతుంది. ఒక్క మెసేజ్ చాలు, విడిగా: "మొన్నటి రాణి సీన్ నాకే నచ్చలేదు. డైస్ వేసింది నేనే కాబట్టి సారీ. నా క్యారెక్టర్‌తో ఇక అలాంటివి ఉండవని అన్నకు చెబుతున్నా, నీ పేరు ఎక్కడా రాదు. దీనికి రిప్లై ఇవ్వాల్సిన పని లేదు." అంతే. ఆమె జవాబు ఇస్తే వినండి, ఇవ్వకపోతే ఇంకో మెసేజ్ పెట్టకండి. అన్నతో మాట్లాడేటప్పుడు మీ ఇబ్బంది గురించే మాట్లాడండి, అది నిజం, అది సరిపోతుంది కూడా. ఆమె పేరు లాగితే విషయం మీ ఇద్దరి మీద గుసగుసలుగా మారే ప్రమాదం ఉంది, మన దగ్గర అది ఎంత తొందరగా జరుగుతుందో మీకు తెలుసు.

పాడటం రాదు, గబగబా మాట్లాడలేను అన్నారు. ఫైటర్ ఆడేవాడు ఇనుప కత్తి ఎత్తి చూపించనక్కర్లేదు కదా, మీరూ పాడి చూపించనక్కర్లేదు. "ఎల్లన్న ఇక్కడ డోలు అందుకుని, ఈ ఊరు మునిగిన వరద కథ చెబుతాడు" అని ఒక్క వాక్యం చెప్పి డైస్ వేయండి. ముందే ఇంట్లో రెండు మూడు వాక్యాలు రాసుకుని తెచ్చుకోవచ్చు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇన్‌స్పిరేషన్ డైస్ ఇచ్చిన ప్రతిసారీ ఆ మనిషి పాత్ర అంతకుముందు చేసిన ఒక పనిని గుర్తుచేయండి: "వంతెన మీద ఒక్కడివే నిలబడ్డ రోజు గుర్తుందా" అని. తమ పాత్ర చేసింది ఇంకొకరు గుర్తుపెట్టుకున్నారంటే ఏ ఆటగాడైనా తలెత్తి చూస్తాడు. ఎల్లన్న ఎవరో వాళ్లకు తెలిసేది రెండు పేజీల గతం వల్ల కాదు, ఇలాంటి వాక్యాల వల్ల.

"వెనకాల పాటలు పాడుకో" అన్నదానికీ జవాబు నియమాల్లోనే ఉంది. విషస్ మాకరీ అనే చిన్న మంత్రం ఉంది, తిట్టుతోనే శత్రువుకు గాయం చేస్తుంది, వాడి తర్వాతి దాడి కూడా దెబ్బతింటుంది. ఐర్లండ్ పాత కథల్లో కవి ఎగతాళి చేస్తూ పద్యం చెబితే రాజు ముఖం మీద బొబ్బలు లేచేవట. అంత దూరం ఎందుకు, మనకు వేములవాడ భీమకవి ఉన్నాడు, ఆయన నోటి నుంచి ఏ మాట వస్తే అది జరిగి తీరేదని, శపించినా అనుగ్రహించినా ఆయన పద్యానికి తిరుగులేదని తరతరాలుగా చెప్పుకున్నాం. యుద్ధంలో ఎల్లన్న ఆ వరసలో మనిషి. మీరిప్పుడు రెండో లెవెల్ అన్నారు, మూడో లెవెల్‌లో కాలేజ్, అంటే బార్డ్‌లలో ఒక శాఖ, ఎంచుకోవాలి. లోర్ తీసుకుంటే మూడు కొత్త నైపుణ్యాలు వస్తాయి, శత్రువు డైస్ వేసినప్పుడు ఒక్క మాటతో వాడి అంకె తగ్గించే శక్తి వస్తుంది, కథలు పోగుచేసే ఎల్లన్నకు నా ఓటు దానికే. వాలర్ తీసుకుంటే మంచి కవచం, డాలు, ఆయుధాలు దక్కుతాయి, ముందు వరసలో నిలబడొచ్చు, అప్పుడు వెనకాల పాడుకోమనే మాటే రాదు. ఎలా ఆడినా వాళ్ల అభిప్రాయం మారడానికి వారాలు పడుతుంది, ఈ దారి నెమ్మది. అందుకే ఇది ఒక్కటే నమ్ముకోవద్దంటున్నాను.

క్లాస్ మార్చడం కూడా ఒక దారే, దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. ఇప్పటికే ఎల్లన్న పేరు వింటేనే మీకు ఒళ్లు మండుతుంటే మార్చేయండి, శనివారం రాత్రి మీ సంతోషం ఒక పాత్ర కంటే ఎక్కువే. కాకపోతే ముందు మాట్లాడి ఆ తర్వాత మార్చండి. మాట్లాడకుండా మారిస్తే వాళ్లకు అర్థమయ్యేది మీకు బార్డ్ ఆడటం రాలేదని మాత్రమే.

చివరగా, అన్నతో మాట్లాడారు, స్నేహితుడికి చెప్పారు, రెండు మూడు సెషన్లు గడిచాయి, అయినా రోమియో పిలుపు ఆగలేదు, అన్న "ఊరికే సరదాకిరా" అని తీసిపారేశాడు అనుకోండి. అప్పుడు ఆ బల్ల నుంచి లేవొచ్చు. ఈ ఊళ్లో నాకున్నది వీళ్లే అన్నారు, ఆ భయం నిజమైనదే, ఊరు వదిలొచ్చిన ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఆట ఆపినా వాళ్లతో సినిమాకో భోజనానికో వెళ్లడం ఆపక్కర్లేదు, "ఈ కథ నాకు పడట్లేదు, వచ్చేది మొదలైనప్పుడు పిలవండి" అని చెప్పి రావొచ్చు. హైదరాబాద్‌లో బోర్డ్ గేమ్ కేఫ్‌లు ఉన్నాయి, అక్కడ కొత్తవాళ్లతో కలిసి ఆడే బల్లలు వెతకొచ్చు, మొదట్లో ముఖాలు తెలియక ఇబ్బందిగానే ఉంటుంది. చేరే ముందు ఆ డీఎంకి ఎల్లన్న గురించి నాలుగు వాక్యాలు పంపండి. అతను ఏ ఊరివాడు, ఎవరి కథలు చెబుతాడు అని తిరిగి అడిగితే ఆ శనివారం వెళ్లండి.